చక్రాల మీద ఫ్రిజ్: ప్రయాణంలో ఇన్సులిన్ భద్రత



వేసవి సెలవులు వచ్చాయంటే మన సంఘ కుటుంబాల్లో ప్రయాణాల సందడి మొదలవుతుంది. ఒకప్పుడు ఆ ప్రయాణం పుట్టింటికో, వేళాంగణికో, వైద్యం కోసం వెల్లూరుకో ఉండేది. ఇప్పుడు చాలా ఇళ్లలో కొడుకో కూతురో అమెరికాలో ఉంటున్నారు. తల్లిదండ్రులు అక్కడికి వెళ్లి కొన్ని నెలలు ఉండి వస్తున్నారు. వెళ్లినవారిని పిల్లలు ఊరికే ఇంట్లో కూర్చోబెట్టరు. గ్రాండ్ కేన్యన్ చూపిస్తామంటారు, ఎల్లోస్టోన్ చూపిస్తామంటారు. అందుకోసం కొందరు ఆర్.వి. అనే బండిని అద్దెకు తీసుకుంటారు.

ఆర్.వి. అంటే చక్రాల మీద నడిచే చిన్న ఇల్లు. మన సినిమా షూటింగుల్లో నటీనటులు వాడే కారవాన్ మీరు చూసే ఉంటారు, దాదాపు అలాంటిదే. అందులో మంచాలు, స్నానాల గది, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ ఉంటాయి. దారిలో హోటలు తిండి తినలేని పెద్దవాళ్లకు ఇది ఎంతో సౌకర్యం.

షుగరు వ్యాధికి ఇన్సులిన్ తీసుకునేవారు ఈ మాట వినగానే ఊపిరి పీల్చుకుంటారు. "బండిలోనే ఫ్రిజ్ ఉందట, ఇక ఇన్సులిన్‌కు భయం లేదు" అనుకుంటారు. ఫ్రిజ్ ఉన్న మాట నిజమే. కాని అది మన ఇంట్లో మూలన నిలబడి ఉండే ఫ్రిజ్ లాంటిది కాదు. దాని పద్ధతి వేరు, దాని బలహీనతలు వేరు. అవి తెలియకపోతే పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తూ లోపల ఇన్సులిన్ పాడైపోవచ్చు. అందుకే ఈ సంచికలో ఆ ఫ్రిజ్ గురించీ, దానిలో ఇన్సులిన్‌ను కాపాడుకునే విధానం గురించీ వివరంగా తెలుసుకుందాం. మీరు వెళ్లకపోయినా, వెళ్లేవారికి ఈ పేజీ చదివి వినిపించండి.

వేడీ పడదు, గడ్డకట్టడమూ పడదు

ఇన్సులిన్ ఒక రకమైన మాంసకృత్తు. కోడిగుడ్డులోని తెల్లసొన కూడా మాంసకృత్తే. దాన్ని ఉడకబెడితే మళ్లీ పచ్చి గుడ్డు కాదు కదా! అలాగే ఎక్కువ వేడి తగిలిన ఇన్సులిన్‌ను తిరిగి చల్లబరిచినా పోయిన శక్తి తిరిగి రాదు. ఇక చలి సంగతి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగిన తరువాత నీళ్లలాగే కనిపించినా దాని నిర్మాణం దెబ్బతిని ఉంటుంది. ఒక్కసారి గడ్డకట్టినా సరే, దాన్ని పారవేయాల్సిందే.

మూత తీయని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వాడటం మొదలుపెట్టిన సీసా లేదా పెన్ను 25 నుండి 30 డిగ్రీలకు మించని చోట, ఎండ తగలకుండా ఉంటే బయటే ఉంచుకోవచ్చు. చాలా రకాలను ఇలా సుమారు 28 రోజులు వాడవచ్చు. కొన్ని రకాలకు ఈ గడువు తక్కువ, కొన్నిటికి ఎక్కువ. పెట్టెలో ఉండే కాగితం చూసుకోండి, లేదా మందుల షాపులో అడిగి తెలుసుకోండి.

టీకాల సీసాల మీద చిన్న గుర్తు ఒకటి ఉంటుంది. వేడి తగిలినకొద్దీ అందులోని చదరం రంగు ముదురుతుంది. నర్సు దాన్ని చూసి ఆ టీకా వేయవచ్చో లేదో చెప్పగలదు. మనం వాడే ఇన్సులిన్ సీసా మీద అలాంటి గుర్తు లేదు. శక్తి కోల్పోయిన ఇన్సులిన్ కూడా చూడటానికి మామూలుగానే ఉండవచ్చు. చివరికి తెలిసేది రక్తంలో షుగరు పెరిగినప్పుడే. దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసం మొదలవుతాయి. ప్రయాణం బడలిక అనుకుని రెండు రోజులు ఊరుకుంటారు. ముఖ్యంగా చిన్న వయసులోనే షుగరు వచ్చి పూర్తిగా ఇన్సులిన్ మీదే ఆధారపడిన పిల్లలకు ఈ ఆలస్యం ప్రాణాపాయం కావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే అది అత్యవసర పరిస్థితి అని గుర్తించాలి.

నిప్పుతో చల్లబరిచే ఫ్రిజ్

ఆర్.వి.లలో రెండు ముఖ్యమైన రకాల ఫ్రిజ్‌లు ఉంటాయి. బండి అద్దెకు తీసుకునేటప్పుడే ఏ రకమో మీ అబ్బాయిని అడిగి తెలుసుకోమనండి.

మొదటిది కంప్రెసర్ ఫ్రిజ్. ఇది మన ఇంటి ఫ్రిజ్ లాగానే మోటారుతో పనిచేస్తుంది. కాకపోతే బండిలోని 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. కొత్త బండ్లలో ఈ రకం ఎక్కువవుతోంది.

రెండవది అబ్సార్ప్షన్ ఫ్రిజ్. ఇందులో మోటారు లేదు, శబ్దం లేదు. గ్యాస్ మంటతో గాని, కరెంటు హీటరుతో గాని వేడిచేస్తే లోపల చల్లబడుతుంది! వినడానికి వింతగా ఉన్నా విషయం సులభం. ఫ్రిజ్ వెనక గొట్టాల్లో నీరు, అమ్మోనియా, హైడ్రోజన్ ఉంటాయి. వేడికి అమ్మోనియా ఆవిరై నీటి నుండి విడిపోయి పైకి పోతుంది. పైన చల్లారి ద్రవమవుతుంది. ఆ ద్రవం హైడ్రోజన్ ఉన్న గొట్టంలోకి దిగి మళ్లీ ఆవిరవుతూ ఫ్రిజ్ లోపలి వేడిని లాగేసుకుంటుంది. స్పిరిట్ రాసిన చేయి చల్లబడటం మీకు తెలుసు, ఇదీ అంతే. తరువాత అమ్మోనియాను నీరు పీల్చుకుంటుంది. ఆ నీరు వాలు వెంట జారి తిరిగి వేడిచేసే చోటికే చేరుతుంది.

ఈ యంత్రం మిషన్ ఆసుపత్రులకు పాత చుట్టమే. స్వీడన్ దేశంలో బాల్జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటెర్స్ అనే ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు 1922లో దీన్ని రూపొందించారు. అదే సంవత్సరం జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి మొట్టమొదటిసారిగా ఇన్సులిన్ ఇచ్చారు. మందూ, దాన్ని కరెంటు లేని చోట కాపాడగల యంత్రమూ ఒకే ఏడాదిలో రావడం దేవుని ఏర్పాటే అనిపిస్తుంది. ఆ తరువాత ఎన్నో ఏళ్లు ఆసియా, ఆఫ్రికా ఖండాల్లో కరెంటు లేని పల్లె ఆసుపత్రుల్లో టీకాలను, మందులను కాపాడింది కిరసనాయిలు దీపంతో నడిచే ఈ ఫ్రిజ్‌లే. నేడు అదే సూత్రం అమెరికా రహదారుల మీద ఆర్.వి.లలో తిరుగుతోంది.

బయలుదేరే ముందు రోజు

అబ్సార్ప్షన్ ఫ్రిజ్ నిదానంగా చల్లబడుతుంది. స్విచ్ వేసిన గంటలో చల్లబడుతుందని ఆశించకండి. ముందు రోజు సాయంత్రమే ఆన్ చేసి రాత్రంతా ఉంచాలి. బండి తెచ్చిన రోజే ప్రయాణమైతే, ఫ్రిజ్ ముందే ఆన్ చేసి ఉంచమని అద్దెకిచ్చేవారిని అడగమనండి.

లోపల పెట్టే పదార్థాలు ఇంటి ఫ్రిజ్‌లో బాగా చల్లబడినవై ఉండాలి. మన అమ్మగార్లకు ఒక అలవాటుంది. పొద్దున్నే వండిన పప్పుచారు, పులిహోర వేడివేడిగా డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. ఈ చిన్న ఫ్రిజ్ ఆ వేడిని తట్టుకోలేదు. దాన్ని చల్లార్చడానికే సగం రోజు పడుతుంది. ఈలోగా పక్కనున్న ఇన్సులిన్ వేడెక్కుతుంది. ఆవకాయ, పొడులు వంటివి ఫ్రిజ్‌లో పెట్టనవసరం లేదు. ఆ చోటు పాలకు, పెరుగుకు, మందులకు ఉంచండి. డబ్బాలను కిక్కిరిసి పెట్టకండి. మధ్యలో గాలి ఆడాలి.

మనవలు రసాల సీసాల కోసం నిమిషానికోసారి ఫ్రిజ్ తలుపు తీస్తుంటారు. తలుపు తీసిన ప్రతిసారీ చల్లదనం కారిపోతుంది. తాగే వాటికి వేరే ఐసు పెట్టె ఒకటి పెట్టండి. ఫ్రిజ్ తలుపుకు ప్రయాణంలో వేసే గడియ ఉంటుంది. అది వేశారో లేదో బయలుదేరే ముందు చూడండి. మలుపులో తలుపు తెరుచుకుంటే మందులు నేలపాలవుతాయి.

బండి నడుస్తున్నప్పుడు

అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌కు సాధారణంగా రెండు లేక మూడు ఆధారాలు ఉంటాయి. ఒకటి, బస చేసే చోట స్తంభం నుండి తీసుకునే 120 వోల్టుల కరెంటు. రెండు, ప్రొపేన్ గ్యాస్, అంటే మన వంటగ్యాస్ వంటిదే. కొన్నిటికి మూడవదిగా 12 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. ఏది ఎప్పుడు వాడాలో తెలుసుకుంటే సగం సమస్య తీరినట్టే.

బ్యాటరీ సదుపాయం బండి నడుస్తున్నప్పుడు మాత్రమే వాడాలి. అప్పుడు ఇంజను బ్యాటరీని నింపుతూ ఉంటుంది. ఇంజను ఆపి భోజనానికి దిగినప్పుడు అలాగే వదిలేస్తే ఈ ఫ్రిజ్ హీటరు కొద్ది గంటల్లోనే బ్యాటరీని పీల్చేస్తుంది. తిరిగి వచ్చేసరికి దీపాలూ ఉండవు, చల్లదనమూ ఉండదు. కంప్రెసర్ ఫ్రిజ్ అయితే బ్యాటరీని చాలా తక్కువ వాడుతుంది. మంచి బ్యాటరీ, కప్పు మీద సోలార్ పలక ఉంటే దానికి ఇబ్బంది తక్కువ. అయినా రాత్రి పడుకునే ముందు బ్యాటరీ ఎంత ఉందో చూడాలి.

గ్యాస్ విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. కొందరు బండి నడుస్తున్నప్పుడు కూడా గ్యాస్ మీదే ఫ్రిజ్ నడుపుతారు. ప్రమాదం జరిగితే గొట్టం తెగి మంటలు లేచే అవకాశం ఉంది గనుక, నడిచేటప్పుడు సిలిండరు కట్టేయడమే క్షేమం. పెట్రోలు బంకులోకి వెళ్లే ముందు ఫ్రిజ్ మంట, పొయ్యి, నీళ్ల హీటరు అన్నీ తప్పనిసరిగా ఆర్పివేయాలి. ఇది మరువకూడదు. బాల్టిమోర్ వంటి చోట్ల కొన్ని సొరంగ మార్గాల్లోకి గ్యాస్ సిలిండర్లున్న ఇలాంటి బండ్లను రానివ్వరు. దారి నిర్ణయించుకునేటప్పుడే ఈ సంగతి చూసుకోవాలి.

"గ్యాస్ కట్టేస్తే చల్లదనం పోదా?" అని అడగవచ్చు. బాగా చల్లబడి, సరుకు ఉన్న ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే సుమారు నాలుగు గంటలు తన చల్లదనాన్ని నిలుపుకుంటుంది. కాబట్టి ఒక్కో విడతకు మూడు నాలుగు గంటలే ప్రయాణం పెట్టుకోండి. షుగరు ఉన్న పెద్దవాళ్లకు అలా ఆగి కాళ్లు సాచుకోవడం, వేళకు తినడం ఎలాగూ అవసరమే.

బండి ఆపినప్పుడు: రసమట్టం చూడండి

అబ్సార్ప్షన్ ఫ్రిజ్ గొట్టాల్లో ద్రవం వాలు వెంట జారుతుందని పైన చెప్పుకున్నాం. బండి ఒక పక్కకు ఒరిగి నిలబడితే ఆ ద్రవం మధ్యలో ఎక్కడో నిలిచిపోతుంది. వేడిచేసే చోటికి తిరిగి రాదు. మంట మాత్రం మండుతూనే ఉంటుంది. లోపలి గొట్టం విపరీతంగా వేడెక్కి, అందులోని రసాయనం గట్టిపడి దారి మూసుకుపోతుంది. అలా చెడిపోయిన ఫ్రిజ్ తిరిగి బాగుపడదు. బండి కదులుతున్నప్పుడు కుదుపులకు ద్రవం అటూ ఇటూ కదులుతుంది గనుక అంత ప్రమాదం లేదు. ఆపి ఉంచినప్పుడే ప్రమాదం.

పాత ఫ్రిజ్‌ల విషయంలో పక్కలకు సుమారు 3 డిగ్రీలు, ముందు వెనకలకు సుమారు 6 డిగ్రీలకు మించి వాలు ఉండకూడదని చెబుతారు. లెక్కలు గుర్తు పెట్టుకోనవసరం లేదు. మన తాపీమేస్త్రి వాడే రసమట్టం లాంటిది చిన్నది ఫ్రిజ్ లోపలి అరమీద పెట్టి చూస్తే చాలు. బుడగ మధ్యకు రాకపోతే చక్రాల కింద దిమ్మలు పెట్టి సరిచేస్తారు. ఇంకా సులువైన గుర్తు ఒకటుంది. మంచం మీద పడుకుంటే తల ఒకవైపు జారుతున్నట్టుగా ఉందంటే ఫ్రిజ్‌కు కూడా ఆ చోటు సరిపడదు. కంప్రెసర్ ఫ్రిజ్‌కు మాత్రం ఈ బాధ అంతగా లేదు.

నీడ మరో సంగతి. ఫ్రిజ్ లోపలి నుండి లాగిన వేడి బండి వెలుపల ఉన్న జాలీ గుండా బయటకు పోవాలి. ఆ పక్క మీద మధ్యాహ్నపు ఎండ పడితే వేడి పోవడానికి దారి ఉండదు. అందుకే జాలీ ఉన్న పక్క నీడ వైపుకు వచ్చేలా బండి నిలపాలి. జాలీకి అడ్డంగా కుర్చీలు, సామాను పెట్టకూడదు. బయట 38 డిగ్రీలు దాటితే చాలా అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌లు లోపల తగినంత చల్లదనాన్ని నిలపలేవు. కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో 1913 జూలై 10న 56.7 డిగ్రీల వేడి నమోదైంది. అటువంటి ఎడారి దారుల్లో వేసవి పగటిపూట ఫ్రిజ్‌ను నమ్ముకోవడం తగదు.

ఎత్తైన చోట్ల ఇంకో ఇబ్బంది. గాలి పలచబడేకొద్దీ గ్యాస్ మంట సరిగా మండదు. గ్రాండ్ కేన్యన్ దక్షిణపు అంచు సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది. ఎల్లోస్టోన్ సగటు ఎత్తు సుమారు 8,000 అడుగులు. అలాంటి చోట్ల కరెంటు ఉన్న బస ముందే కుదుర్చుకుంటే మంచిది. మంట నీలిరంగులో ఉండాలి. పసుపు రంగులో ఉందంటే గాలి అందడం లేదని గాని, గొట్టంలో సాలెగూడో మసో చేరిందని గాని అర్థం. ఎవరైనా తెలిసినవారికి చూపించాలి.

ఫ్రిజ్ దగ్గర ఘాటైన అమ్మోనియా వాసన వస్తే వెంటనే ఫ్రిజ్ ఆపి, గ్యాస్ కట్టేసి, అందరూ బండి దిగిపోవాలి. మందు కోసం లోపలికి తిరిగి వెళ్లవద్దు. ఇన్సులిన్ మళ్లీ దొరుకుతుంది.

ఇన్సులిన్‌ను ఏ అరలో పెట్టాలి?

ఫ్రిజ్ లోపల వెనక గోడకు రెక్కల్లాంటి లోహపు పలకలు కనిపిస్తాయి. అక్కడే చల్లదనం పుడుతుంది. వాటికి ఆనుకుని పెట్టిన వస్తువు గడ్డకట్టవచ్చు. చలి రాత్రుల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పగలు ఎండకు వేడెక్కిందని మీట పూర్తిగా పెంచి మరిచిపోతారు. తెల్లారేసరికి పాలు గడ్డకట్టి ఉంటాయి, వాటితోపాటు ఇన్సులిన్ కూడా. కాబట్టి ఇన్సులిన్‌ను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మెత్తటి గుడ్డ చుట్టి, మధ్య అరలో ముందు వైపున ఉంచండి. ఐసు గదిలో ఎన్నడూ పెట్టవద్దు.

ఆ డబ్బా పక్కనే చిన్న థర్మామీటరు ఉంచండి. కనిష్ఠం, గరిష్ఠం రెండూ గుర్తుపెట్టుకునే డిజిటల్ రకం అయితే రాత్రి మీరు నిద్రపోతున్నప్పుడు ఏం జరిగిందో కూడా చెబుతుంది. అమెరికా థర్మామీటర్లు ఫారన్‌హీట్‌లో చూపిస్తాయి. 36 నుండి 46 మధ్య ఉంటే ఇన్సులిన్ క్షేమం. 32కు దిగితే నీరు గడ్డకట్టే చలి అన్నమాట.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాల పెట్టె ఉష్ణోగ్రతను ప్రతిరోజూ ఉదయం, సాయంత్రం చూసి పుస్తకంలో రాస్తారు. మీరూ అలాగే షుగరు రాసుకునే పుస్తకంలోనే ఫ్రిజ్ అంకె కూడా రాయండి. ఒకపూట షుగరు ఎందుకు పెరిగిందో వెనక్కి చూసుకుంటే తెలుస్తుంది. చల్లగా ఉందని చేత్తో తాకి నిర్ణయించకండి. 5 డిగ్రీలకూ 12 డిగ్రీలకూ తేడా చేతికి తెలియదు.

వాడుతున్న సీసాను లేదా పెన్నును ఫ్రిజ్‌లో పెట్టనవసరం లేదు. ఏ.సి. ఉన్న బండి లోపల మీ చేతిసంచిలో ఉంచుకోండి. నిల్వ మాత్రమే ఫ్రిజ్‌లో ఉండాలి. నిల్వ మొత్తాన్ని కూడా ఒకేచోట పెట్టకండి. ఫ్రిజ్‌లో సగం, ఐసు పెట్టెలో సగం ఉంచితే ఒకటి చెడినా రెండవది మిగులుతుంది. కొన్ని రోజుల ప్రయాణమే అయితే మిగిలిన నిల్వను పిల్లల ఇంటి ఫ్రిజ్‌లో వదిలి రావడం అన్నిటికంటే ఉత్తమం.

ఫ్రిజ్ ఆగిపోతే

ముందుగా కంగారుపడకండి. కొద్ది గంటల్లో ఇన్సులిన్ విషం కాదు, నీరూ కాదు. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర కెన్యాలోని శరణార్థుల శిబిరం పరిస్థితులపై చేసిన పరిశోధన 2021లో ప్రచురితమైంది. రోజూ 25 నుండి 37 డిగ్రీల మధ్య మారుతూ ఉండే వేడిలో నాలుగు వారాలు ఉంచిన ఇన్సులిన్ శక్తి తగ్గలేదని అందులో తేలింది. ఫ్రిజ్ లేని పేద ఇళ్లకు ఇది గొప్ప ఊరట. అయితే తలుపులు మూసి ఎండలో ఆపిన బండి లోపల వేడి 50 డిగ్రీలు కూడా దాటుతుంది. ఆ పరిశోధన చెప్పింది అలాంటి వేడి గురించి కాదు.

కాబట్టి ఇలా చేయండి.

ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ వేడెక్కినా 30 డిగ్రీలు దాటకపోతే, ఆ రోజు తేదీని సీసా మీద రాసి, వాడుతున్న సీసాలాగే లెక్కించి, దాని గడువులోగా వాడేయండి. గడ్డకట్టినట్టు అనుమానం వస్తే పారవేయండి. ఎండలో కాగిన బండిలో ఉండిపోయినదాన్ని కూడా నమ్మవద్దు. తేటగా ఉండాల్సిన ఇన్సులిన్ మబ్బుగా మారినా, తెల్లటి రకం రెండు అరచేతుల మధ్య దొర్లించాక కూడా ముద్దలు కట్టి ఉన్నా, సీసా గోడకు పొడిలా అంటుకున్నా వాడకండి.

ఐసు పెట్టెలోకి మార్చాల్సి వస్తే మన నర్సమ్మలు టీకాల డబ్బాకు పాటించే పద్ధతి గుర్తు చేసుకోండి. ఫ్రీజరు నుండి తీసిన ఐసు ప్యాకును వెంటనే డబ్బాలో పెట్టరు. కాసేపు బయట ఉంచి, దానికి చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చాకే పెడతారు. గడ్డకట్టే ప్రమాదం ఉన్న టీకాలను అలా కాపాడతారు. ఇన్సులిన్‌కూ అదే చేయాలి. ఐసుకూ సీసాకూ మధ్య తువ్వాలు చుట్ట ఒకటి అడ్డం పెట్టండి. ఐసు గడ్డలైతే కరిగిన నీళ్లలో సీసా మునగకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. అమెరికాలో ఐసు సంచులు పెట్రోలు బంకుల్లోనే అమ్ముతారు.

నీటితో తడిపి వాడే గుడ్డ సంచులు కూడా దొరుకుతాయి. వాటిలోని పలుకులు నీరు పీల్చి ఉబ్బుతాయి. ఆ తేమ ఆరేకొద్దీ లోపల చల్లబడుతుంది. మన కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది. అందుకే పొడి గాలిలో బాగా పనిచేస్తాయి. ఉక్కగా ఉండే సముద్రతీరంలో అంతగా చల్లబడవు. వీటికి గాలి తగలాలి గనుక ప్లాస్టిక్ సంచిలో మూటకట్టకండి.

ఇన్సులిన్ మీద అనుమానం వచ్చిన రోజుల్లో షుగరు మామూలు కంటే ఎక్కువసార్లు పరీక్షించుకోండి. మోతాదు మీ అంతట మీరు పెంచవద్దు. కొత్త సీసా వాడి చూడండి, డాక్టరుకు ఫోను చేయండి. వాంతులు, ఆయాసం, మగత ఉంటే అమెరికాలో 911కు ఫోను చేయాలి.

విమానం ఎక్కే ముందు

ఇన్సులిన్‌ను విమానంలో చేతి సామానులోనే తీసుకెళ్లాలి. పెద్ద పెట్టెలో పెట్టి సరుకు గదికి పంపితే అక్కడ గడ్డకట్టవచ్చు, పెట్టె తప్పిపోనూవచ్చు. డాక్టరు చీటీ, ఇన్సులిన్, సూదులు అవసరమని తెలిపే ఉత్తరం దగ్గర ఉంచుకోండి. తనిఖీలో ముందే చెప్పండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. మన దేశంలో చాలా సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత సిరంజి వాడతాం. అమెరికాలో సాధారణంగా దొరికేది 100 యూనిట్లది. దానికి నారింజ రంగు మూత సిరంజి. ఒకదాని ఇన్సులిన్ మరొకదాని సిరంజితో ఎక్కించుకుంటే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. షుగరు ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. కాబట్టి ఉండబోయే రోజులకు సరిపడా ఇన్సులిన్, సిరంజిలు రెండూ ఇక్కడి నుండే తీసుకెళ్లండి. అక్కడ కొనాల్సి వస్తే సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనని ఇద్దరు చూసి నిర్ధారించుకోండి.

మన బస్సుల్లో, రైళ్లలో

ఇన్సులిన్ వాడేవారందరూ అమెరికా వెళ్లరు. కాని మే నెలలో రెంటచింతల మీదుగానో, రామగుండం మీదుగానో ప్రయాణించేవారికి కూడా పై సూత్రాలే వర్తిస్తాయి. బస్సులో మందుల సంచి డిక్కీలో వేయకండి, ఇంజను బానెట్ దగ్గర పెట్టకండి. కారు ఆపి పెళ్లికో ప్రార్థన కూటానికో వెళ్లేటప్పుడు ఇన్సులిన్ సంచి మీతోపాటు దిగాలి. రైల్లో కిటికీ పక్క ఎండలో కాకుండా సీటు కింద నీడలో ఉంచండి. వెడల్పు మూతి ప్లాస్కులో కొంచెం చల్లని నీళ్లు, అందులో మూత గట్టిగా బిగించిన చిన్న డబ్బా, ఆ డబ్బాలో ఇన్సులిన్. ఒక రోజు ప్రయాణానికి ఇది చాలు.

గుర్తుంచుకోండి

1. ఫ్రిజ్ ముందు రోజే ఆన్ చేయండి. వేడి వంటకాలు పెట్టవద్దు.
2. ఆపిన ప్రతి చోటా బండి సమంగా ఉందో, జాలీ పక్క నీడ ఉందో చూడండి.
3. పెట్రోలు బంకుకు ముందే మంటలన్నీ ఆర్పండి.
4. ఇన్సులిన్ మధ్య అరలో, వెనక పలకలకు దూరంగా ఉంచండి.
5. థర్మామీటరు ఉదయం, సాయంత్రం చూసి రాయండి: 36 నుండి 46 ఫారన్‌హీట్.
6. నిల్వను రెండు చోట్ల ఉంచండి.
7. గడ్డకట్టినది, ఎండలో కాగినది పారవేయండి.

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుడు ప్రయాణంలో ఉన్నవాడే. గాయపడిన మనిషి ఎదురైనప్పుడు అతని దగ్గర నూనె, ద్రాక్షారసము సిద్ధంగా ఉన్నాయి. అతడు వాటిని దారిలో పాడుకానివ్వకుండా తెచ్చుకున్నాడు గనుకనే ఆ గాయాలకు పనికివచ్చాయి. ప్రార్థన చేసి బయలుదేరడం మన ఆచారం. ఆ ప్రార్థనతోపాటు మందుల డబ్బా తెరిచి ఒకసారి చూసుకోవడం కూడా మన అలవాటు కావాలి. ప్రయాణం పెట్టుకున్నవారు కనీసం రెండు వారాల ముందు షుగరు క్లినిక్‌కు వచ్చి మీ మందుల జాబితా, ఉత్తరం తీసుకోండి. సమయ భేదాన్ని బట్టి ఇన్సులిన్ వేళలు ఎలా మార్చుకోవాలో కూడా డాక్టరుగారిని అడిగి రాయించుకోండి.

దేవుడు మీ ప్రయాణాలను క్షేమకరముగా నడిపించును గాక.